టోక్యోలో పాత బొమ్మలు కొనాలంటే నకానోకే వెళ్ళండి

ఇంట్లో అనిమే (జపాన్ కార్టూన్లు) ఇష్టపడే పిల్లలుండి టోక్యో వెళ్తున్నవాళ్ళకు ముందుగా ఒక్క మాట. ఇక్కడి నుంచి "అనిమే స్పెషల్ టూర్" అని ప్యాకేజీ కట్టించుకోకండి. మేం మనిషికి 12,500 చొప్పున ముగ్గురికి 37,500 రూపాయలు కట్టాం. ఆ డబ్బుకి దక్కింది అనిమే షాపులకు పేరుపడ్డ అకిహబర పేటలో ఒక గైడు, నలభై నిమిషాల షాపింగు, మా అబ్బాయి ముఖంలో దిగులు. మర్నాడు మాకు మేమే రైలెక్కి వెళ్ళిన నకానోలో అంతకు పదింతల సంతోషం దొరికింది. టికెట్టు మనిషికి 200 యెన్ల లోపే. మేం వెళ్ళింది 2025 ఏప్రిల్లో. అప్పుడు యెన్ దాదాపు మన 60 పైసలు.

మావాడు ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసి వచ్చాడు. వాడు అడిగింది ఒక్కటే, రేసింగ్ మికు బొమ్మ. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. హత్సునె మికు అంటే 2007లో క్రిప్టన్ అనే కంపెనీ తెచ్చిన, పాటలు పాడే సాఫ్ట్‌వేర్ గొంతుకి రూపంగా గీసిన బొమ్మ, రెండు పొడుగాటి నీలిపచ్చ పిలకల అమ్మాయి. జపాన్ సూపర్ జీటీ రేసుల్లో ఈ అమ్మాయి బొమ్మ వేసుకుని తిరిగే కారు టీము ఒకటుంది. ఆ టీము 2011, 2014, 2017లో జీటీ 300 విభాగంలో ఛాంపియన్ అయింది. ఏటా మికుకి కొత్త రేసు దుస్తులు గీస్తారు, ఆ ఏటి దుస్తులతో బొమ్మ చేస్తారు. టీము గెలిచిన సంవత్సరమని మావాడికి 2014 బొమ్మే కావాలి. అంత పాతది కొత్త సరుకు అమ్మే షాపుల్లో ఉండదు. ఎవరో కొని, దాచి, మళ్ళీ అమ్మితేనే మనకు దొరికేది. ఈ సంగతి బుకింగ్ అప్పుడే ఏజెంటుకి చెప్పాం. "అకిహబరలో దొరకనిదంటూ ఉండదు మేడం" అన్నాడు.

అకిహబరలో గైడు మమ్మల్ని స్టేషన్ దగ్గర ఒక పెద్ద షాపు ముందు దింపాడు. అన్నీ కొత్త సరుకే. ఒక్కో బొమ్మ 18,000, 24,000 యెన్లు. మావాడు ఫోన్‌లో ఫొటో చూపించి, సెకండ్‌హ్యాండ్ షాపులకు తీసుకెళ్ళమని చాలా మర్యాదగా అడిగాడు. అవి లిస్టులో లేవన్నాడు. ఎదురుగా కనబడుతోంది కదా, నాలుగడుగులేస్తే చాలని నేనన్నాను. "పాత బొమ్మల కోసం ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చారా?" అని పిల్లాడి ముందే నవ్వాడు. మావాడు ఆ తర్వాత మాట్లాడలేదు. తర్వాత గైడు మెయిడ్ కఫేకి, అంటే పనమ్మాయి వేషంలో వడ్డించే కఫేకి, తీసుకెళ్ళాడు. అక్కడ కూర్చున్నందుకే మనిషికి 800 యెన్లు వేశారు, పైగా డ్రింక్ తప్పనిసరి. ప్యాకేజీలో ఇది లేదట, మేమే కట్టాలట. మా వారికి మామూలుగా కోపం రాదు. ఆ రోజు బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, "ఇది దాచుతున్నా" అన్నారు.

మిగతా ట్రిప్పులో గుడి, టవరు, నది మీద పడవ అన్నీ బాగున్నాయి. హోటలూ బాగుంది. శాకాహారం దొరకడం మాత్రం కష్టమే, పచ్చడి సీసా తీసుకెళ్ళండి.

ఇక నకానో. షింజుకు స్టేషన్లో చువో లైన్ ర్యాపిడ్ రైలు ఎక్కితే తర్వాతి స్టేషనే, ఐదు నిమిషాలు. ఉత్తరం వైపు బయటికి రాగానే సన్ మాల్ అని పైకప్పున్న బజారు. అది దాటితే నకానో బ్రాడ్‌వే. 1966లో కట్టిన భవనం, పైన అపార్ట్‌మెంట్లు, కింద వందల కొద్దీ చిన్న చిన్న కొట్లు. ఒక సంగతి గుర్తుంచుకోండి. కింద ఎస్కలేటర్ ఎక్కితే రెండో అంతస్తులో ఆగదు, తిన్నగా మూడో అంతస్తుకి తీసుకెళ్తుంది. రెండుకి వెళ్ళాలంటే మెట్లెక్కాలి.

ఇక్కడి అసలు దుకాణం మందరకె. 1980లో మాసుజో ఫురుకవ అనే మాంగా (జపాన్ బొమ్మల కథలు) చిత్రకారుడు పాత మాంగా పుస్తకాల కోసం ఇదే భవనంలో చిన్న కొట్టుగా మొదలుపెట్టాడు. ఇప్పుడు అంతస్తు అంతస్తుకీ వాళ్ళ గదులే. పుస్తకాలకొకటి, రేకు బొమ్మలకొకటి, ఫిగర్లకొకటి (మికు లాంటి పాత్రల బొమ్మలను అలా అంటారు), అనిమే కోసం పారదర్శక ప్లాస్టిక్ షీట్ల మీద చేతితో వేసిన చిత్రాలకొకటి. నాలుగో అంతస్తులో ఒక గది ముందైతే గుళ్ళ దగ్గర ఉండేలాంటి ఎర్రటి తోరణాలు వరసగా నిలబెట్టారు. మధ్యాహ్నం 12కి తెరుస్తారు. పొద్దున్నే వెళ్తే మూసిన షట్టర్లు చూడాల్సిందే. లోపల ఫొటోలు తియ్యనివ్వరు, అడగకుండా ఫోన్ ఎత్తకండి.

మావాడు ఫిగర్ల గదిలోకి వెళ్ళి అద్దాల బీరువాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాడు. అరగంట గడిచాక "అమ్మా" అన్న పిలుపు వినబడింది. ఆ గొంతులోనే నాకు తెలిసిపోయింది. 2014 రేసింగ్ మికు, పెట్టెతో సహా, 9,350 యెన్లు. మన లెక్కలో 5,600. నిన్న చూసిన కొత్త బొమ్మల్లో చవకైనదాంట్లో సగం.

నేను ఇదంతా రాస్తున్నది ఆ తర్వాత జరిగినదాని గురించే. కౌంటర్లో అమ్మాయికి ఇంగ్లీషు పెద్దగా రాదు. మేం డబ్బు తియ్యబోతుంటే చేత్తో ఆగమంది. పెట్టె మీద అంటించిన చిన్న చీటీ చూపించింది, ఫోన్‌లో అనువాదం చేసి మా వైపు తిప్పింది. పెట్టె మూల నలిగింది, ఒకసారి తెరిచారు, జుట్టు చివర రంగు కొంచెం గీసుకుపోయింది అని ఉంది. అంతటితో ఊరుకోలేదు. తెల్ల గ్లౌజులు వేసుకుని బొమ్మని బయటికి తీసి, ఆ గీత ఎక్కడుందో వేలితో చూపించింది. మేం దీపం కింద పెట్టి చూసినా వెంటనే కనబడనంత చిన్న గీత. స్టాండుతో సహా అన్నీ ఉన్నాయా అని పెట్టె వెనక ఫొటోతో ఒక్కొక్కటీ సరిచూసి చూపించింది. అప్పుడు "ఓకే?" అంది. మావాడు తలూపితేనే బిల్లు కొట్టింది.

సెకండ్‌హ్యాండ్ సరుకులో లోపం మనం వెతికి పట్టుకోవాలి, పట్టుకోకపోతే మన ఖర్మ అన్నదే నాకు అలవాటు. విజయవాడలో పాత బీరువా కొన్నా, పాత స్కూటర్ కొన్నా అదే అనుభవం. అమ్మేవాళ్ళే ముందుగా లోపం చూపించి, దానికి తగ్గట్టు ధర తగ్గించి, మనం ఒప్పుకున్నాకే డబ్బు తీసుకోవడం నేనెక్కడా చూడలేదు. ఆ అమ్మాయికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. తనూ నడుం వంచి నమస్కరించింది.

చీటీల మీద మాటలు కొన్ని నేర్చుకుని వెళ్ళండి. మికైఫు అంటే అసలు తెరవనిది. కైఫు అంటే తెరిచినది. హాకో ఇతామి అంటే పెట్టె మాత్రమే దెబ్బతిన్నది. బీరువాలో పెట్టుకుని చూసుకోవడానికైతే ఈ మూడో రకమే కొనండి, బొమ్మ బాగుంటుంది, ధర తక్కువ. జంక్ అని రాసినవి ముట్టుకోకండి, భాగాలు లేకపోవచ్చు, ఉన్నది ఉన్నట్టు తీసుకోవాల్సిందే. పాత పీవీసీ బొమ్మలు కొన్ని జిడ్డుగా అంటుకుంటాయి. ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే రసాయనం పైకి ఊరడం వల్ల అలా అవుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం సబ్బు వేసి మెల్లగా కడిగితే పోతుంది. గేమ్ సెంటర్లలో గెలుచుకునే ప్రైజ్ ఫిగర్లు 1,000, 1,500 యెన్లకే ఉన్నాయి. తోబుట్టువుల పిల్లలకు ఇవ్వడానికి అవి చాలు. అద్దె గళ్ళ షాపులు కూడా ఉంటాయి, ఒక్కో అద్దాల గడి ఒక్కో మనిషిది, ధర వాళ్ళిష్టం. ఒకే బొమ్మ ఒక గడిలో 3,000, ఇంకో గడిలో 5,500 చూశాం. మొత్తం తిరిగాకే కొనండి.

మా వారిని బలవంతంగా తీసుకొచ్చానేమో అని నాకు మొదట్లో బెంగగానే ఉంది. ఆయనేమో అదే భవనంలో పాత వాచీల కొట్ల దగ్గర నిలబడిపోయారు. వాళ్ళ నాన్నగారు కట్టుకున్న సీకో లాంటిది కనబడిందట. 32,000 యెన్లు, కొనలేదు. కానీ ఇద్దరు కొట్లవాళ్ళతో చాలాసేపు మాట్లాడి, ఉత్సాహంగా తిరిగొచ్చారు. నేల కింది అంతస్తులో ఎనిమిది రుచులు పొరలు పొరలుగా వేసిచ్చే ఐస్‌క్రీమ్ ఒకటి తిన్నాం. ముగ్గురికీ ఒకటి సరిపోయింది.

పాస్‌పోర్టులు తీసుకెళ్ళండి. పన్ను కాకుండా 5,000 యెన్లు దాటితే టూరిస్టులకు 10 శాతం పన్ను మినహాయింపు ఉంది. మాకు కౌంటర్ దగ్గరే తగ్గించారు. 2026 నవంబరు నుంచి ముందు పన్నుతో కట్టి, దేశం దాటేటప్పుడు వెనక్కి తీసుకునే పద్ధతి, కాబట్టి ఎయిర్‌పోర్టుకి కొంచెం ముందే చేరండి. బొమ్మ చుట్టూ ఉండే ప్లాస్టిక్ అచ్చు పారెయ్యకుండా అందులోనే ఉంచి, పెట్టెను చేతిసంచిలోనే తెచ్చుకోండి. చెక్‌ఇన్ బ్యాగులో వెయ్యొద్దు. మావాడు విమానంలో ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకునే నిద్రపోయాడు.

తిరిగొచ్చాక ఏజెంటుకి కఫే బిల్లు జతచేసి మెయిల్ పెట్టాం. వచ్చే టూర్‌లో వాడుకోమని 2,000 రూపాయల కూపన్ పంపాడు. మా వారు అది వద్దని, టూర్ డబ్బులో సగమైనా వెనక్కి ఇవ్వమని మళ్ళీ రాశారు. జవాబు ఇంకా రాలేదు.