థాయ్ బీఎల్ సిరీస్‌లూ, 11వ ఎపిసోడ్‌తో నా పగా

థాయ్ బీఎల్‌లో, అంటే ఇద్దరబ్బాయిల ప్రేమకథల థాయ్‌లాండ్ సిరీస్‌లలో, నేను అన్నీ భరిస్తా. సీన్ మంచి ఊపులో ఉండగా హీరో ఫ్రిజ్ తీసి కూల్‌డ్రింక్ బాటిల్ లేబుల్ మనవైపు తిప్పి మరీ తాగడం భరిస్తా, గుండె పగిలి కూర్చున్నవాడికి ఫ్రెండొచ్చి ఫేస్ క్రీమ్ గుణగణాలు వివరించడం భరిస్తా, ప్రతి సిరీస్‌లోనూ ఇంజినీరింగ్ వాళ్లే ఉండి ఒక్కడూ క్లాసుకి పోకపోవడం కూడా ఓకే. 11వ ఎపిసోడ్ ఒక్కటే నా వల్ల కాదు. 2020 నుంచి చూస్తున్నా ఇవి, ఇప్పటికీ దానికి అలవాటు పడలేదు.

చూసేవాళ్లందరికీ తెలిసిందే కానీ చెప్పుకుంటే కాస్త తేలిక. 12 ఎపిసోడ్లు, వారానికొకటి, పది వారాలు వాళ్లిద్దర్నీ మనమే పెంచి పెద్దచేసినట్టు ఫీలవుతాం, సరిగ్గా 11లో ఒకడు "నీ మంచికోసమే" అని మొహం మాడ్చుకుని వెళ్లిపోతాడు. ఏమైందిరా అని రెండోవాడు ఒక్క మాట అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం, అడగడు. 12లో సగం పైన ఏడుపు, ఆ తర్వాత కొన్నేళ్ల తర్వాత అని నల్ల స్క్రీన్ మీద ఒక ముక్క, జుట్టు మారుతుంది, మీద కోటు వస్తుంది, ఎక్కడో కలుస్తారు, పాట, అయిపోయింది. ఫ్యాన్స్ దీనికి శాపం అని పేరు కూడా పెట్టేసుకున్నారు. చివరి వారం జనం తప్పకుండా రావాలి కాబట్టి ముందు వారం ఏదో ఒకటి విరగ్గొట్టాలి, నాకర్థమైన లెక్క ఇదే. లెక్క అర్థమైనంత మాత్రాన కోపం తగ్గుతుందా ఏంటి.

నాకు ఈ పిచ్చి పట్టించింది 2గెదర్. 2020లో లాక్‌డౌన్, ఇంట్లో ఉన్నవాళ్ల మొహాలే ఉన్నవాళ్లు చూసుకుంటున్న రోజులు, సారవత్‌గా బ్రైట్ గిటార్ పట్టుకుని కూర్చుంటే టైన్‌గా విన్ మొహం చిట్లించే ఆ సిరీస్ నాకు అప్పుడు అమృతంలా ఉంది. అందులో వచ్చే స్క్రబ్ అనే బ్యాండ్ పాటలు థాయ్ ఒక్క ముక్క రాకపోయినా పొద్దున్నే వంటింట్లో పాడేదాన్ని. అది 13 ఎపిసోడ్లు కాబట్టి శాపం ఒక వారం లేటుగా వచ్చింది, పామ్ అనే పాత పరిచయస్తురాలు దిగడం, టైన్ ఏదో ఊహించుకుని అలగడం, సారవత్ గాడు నోరు విప్పకపోవడం. అప్పుడు నాకు కొత్త కదా, నిజంగానే కూర్చుని ఏడ్చా. ఈమధ్య మళ్లీ చూస్తే అమృతం కాస్త పలచబడినట్టుంది, సగం ఎపిసోడ్లలో ఏమీ జరగదు, వాళ్లిద్దరి మొహాలు చూసి కానిచ్చేశానని ఇప్పుడు తెలుస్తోంది. మొహాలు బాగుంటాయి, అది వేరే సంగతి.

తర్వాత వెనక్కి వెళ్లి 2016 నాటి సోటస్ చూశా. ఆర్థిట్‌గా క్రిస్ట్, కాంగ్‌పాబ్‌గా సింగ్టో. సీనియర్ ఆర్థిట్ జూనియర్లని ఎండలో నిలబెట్టి అరుస్తుంటాడు, మొదటి ఎపిసోడ్‌లోనే కాంగ్‌పాబ్ అందరి ముందూ నిన్ను నా పెళ్లాన్ని చేసుకుంటా అనేస్తాడు, అప్పట్లో ఈల వేశా. కానీ నేను కూడా ఇంజినీరింగ్ కాలేజీలోనే చదివా, మన దగ్గర ర్యాగింగ్ మీద 1997 నుంచే చట్టం ఉన్నా ఫస్టియర్‌లో సీనియర్ల గుంపు కనిపిస్తే దారి మార్చుకుని పోయినదాన్ని, రెండోసారి చూస్తుంటే ఆ అరుపులు అంత తీయగా లేవు. క్రిస్ట్ కళ్లకోసం ఇప్పటికీ చూడొచ్చు. ఎవరికైనా రికమెండ్ చేస్తే మాత్రం పక్కన ఈ మాట కూడా చెప్తున్నా.

ఇక బ్యాడ్ బడ్డీ. దీన్ని గురించి రాయడానికే కూర్చున్నా అసలు.

2021 అక్టోబర్ చివర్లో మొదలైంది, ప్యాట్‌గా ఓమ్, ప్రాన్‌గా నానోన్, డైరెక్టర్ పేరు ఆఫ్ నొప్పర్నాచ్. పక్కపక్క ఇళ్లు, ఇద్దరి తల్లిదండ్రులకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది, వ్యాపారమూ ఒకటే, పిల్లలకి పుట్టినప్పటి నుంచీ నూరిపోసింది ఒక్కటే, పక్కింటోడి కంటే నీకు మార్కులు ఎక్కువ రావాలి. గోదావరి జిల్లాల్లో పుట్టినదానికి ఇందులో అర్థం కానిది ఏముంటుంది చెప్పండి, గోడ మీద నుంచి పడిన మునగాకు గురించి మూడు తరాలు మాట్లాడుకోని కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. ప్యాట్ ఇంజినీరింగ్, ప్రాన్ ఆర్కిటెక్చర్, బయట రెండు గ్యాంగులు కొట్టుకుంటుంటే వీళ్లిద్దరూ లోపల్లోపల ఒకళ్లని ఒకళ్లు కాపాడుకుంటుంటారు. 5వ ఎపిసోడ్ చివర మేడ మీద ముద్దు గురించి నేను కొత్తగా చెప్పేది లేదు, ఆ రాత్రి ఎవరికీ నిద్రలేదు.

అంతా బాగుంది కాబట్టే భయం. పది వారాలు ఇంత బాగా వెళ్లినప్పుడు 11లో ఏ రేంజ్‌లో ముంచుతారో అని. పైగా ఆ 11వ ఎపిసోడ్ వచ్చింది 2022 జనవరి 14, శుక్రవారం, సరిగ్గా భోగి. ఇంటినిండా చుట్టాలు, పొద్దున మంట దగ్గర పొగకి కళ్లు మండి, మధ్యాహ్నం అరిసెలు వత్తి వత్తి చేతులు పడిపోయి, సాయంత్రం మా అక్క కొడుక్కి భోగిపళ్లు పోసి, రేగుపళ్లతో పాటు పడిన చిల్లర ఏరుకోవడానికి పిల్లలు కొట్టుకుంటుంటే నేను మెల్లగా ఫోన్ పట్టుకుని మేడెక్కేశా. మా ఊళ్లో సిగ్నల్ వాటర్ ట్యాంక్ పక్కన తప్ప రాదు. ఈ సిరీస్‌లు తీసే జీఎమ్ఎమ్‌టీవీ వాళ్లు యూట్యూబ్‌లో ఒక్కో ఎపిసోడ్‌ని నాలుగు ముక్కలు చేసి పెడతారు కదా, అందరూ దాన్ని తిట్టుకుంటారు, నాకు మాత్రం ఆ సిగ్నల్‌కి అది వరంలా పనిచేసింది, ఒక ముక్క తిరిగి తిరిగి లోడయ్యేలోపు కిందకెళ్లి మొహం చూపించి రావొచ్చు.

మొదటి ముక్క పెట్టా. సముద్రం ఒడ్డున ఊరు. ఇళ్లల్లో గొడవ పడలేక ఇద్దరూ పారిపోయి అక్కడికొచ్చేశారు. సరే, ఇప్పుడు వీడు చెప్పకుండా వెళ్లిపోతాడు అనుకున్నా. వెళ్లలేదు. రెండో ముక్కలో పోట్లాడుకుంటారు అనుకున్నా, పెద్దగా ఏం లేదు, తింటున్నారు, పని చేస్తున్నారు, ఒకడి భుజం మీద ఒకడు తల పెట్టుకుని ఏడుస్తున్నారు, ఏడుపు కూడా కలిసే. అసలు విషయం అదే. శాపంలో ఎప్పుడూ ఇద్దరూ విడివిడిగా ఏడుస్తారు, ఒకడు వానలో, ఒకడు గదిలో. ఇక్కడ కష్టం బయటి నుంచి వచ్చింది, వీళ్ల మధ్య నుంచి రాలేదు. ప్రాన్ అంతా లోపల దాచుకునే రకం, నానోన్ ఆ నవ్వు సగంలో ఆపేసి చూపు పక్కకి తిప్పుకుంటాడు చూడండి, అక్కడ నేను ట్యాంకుకి ఆనుకుని కూర్చుండిపోయా, చలి కూడా తెలీలేదు.

మూడో ముక్కకి మా పిన్ని వచ్చింది, వడియాల గుడ్డ తీయడానికి. "ఏంటే అది, కొరియావాళ్లా" అంది. కాదు పిన్నీ థాయ్‌లాండ్ అంటే "థాయ్‌లాండా" అని నన్నొక రకంగా చూసింది, మనవాళ్లకి ఆ దేశం పేరు చెప్తే ఏం గుర్తొస్తుందో మీకు తెలుసు. ఇద్దరు కుర్రాళ్లు చేతులు పట్టుకుని కూర్చున్నారు స్క్రీన్ మీద. నేను దాచలేదు, దాచే టైమూ లేదు. ఎవరు వీళ్లు, ఇళ్లొదిలి ఎందుకొచ్చారు అంది. పక్కపక్క ఇళ్లనీ, పెద్దాళ్ల గొడవనీ చెప్పా. గొడవ దేనికి అంది. ప్రాన్ వాళ్లమ్మా, ప్యాట్ వాళ్ల నాన్నా చిన్నప్పుడు బాగా దగ్గర, ఆమెకి రావాల్సిన స్కాలర్‌షిప్ అతను మోసం చేసి తను కొట్టేశాడు, ఆ పగ ఇన్నేళ్లూ మోసింది అని చెప్పా. అంతే, పిన్ని గుడ్డ అక్కడే పడేసి కూర్చుంది. కుర్రాళ్లిద్దరి సంగతి పిన్నికి అక్కర్లేదు, "అయితే ఆవిడ చదువు పోయిందా? మళ్లీ చదివిందా? వాడు ఎప్పుడన్నా ఒప్పుకున్నాడా తప్పని?" ఇదే గోల. పిన్నిని ఇంటర్ తర్వాత ఆపేసి పెళ్లి చేశారు, మావయ్యని మాత్రం బీకాం దాకా చదివించారు. నేను పది వారాలుగా ప్రాన్ వాళ్లమ్మని విలన్ అని తిట్టుకుంటున్నా, పిన్ని పది నిమిషాల్లో ఆమె పక్షం చేరిపోయింది. నాలుగో ముక్క ఇద్దరం చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూశాం, సబ్‌టైటిల్స్ నేను తెలుగులో చెప్తుంటే.

11 అయిపోయింది, వాళ్లు కలిసే ఉన్నారు. నేను నమ్మలేదు, కింద కామెంట్లన్నీ చదివి నిర్ధారించుకున్నా.

ఇంత పొగిడాక 12 గురించి కూడా చెప్పాలి, ఊరికే వదిలేస్తే బాగోదు. మొదలవ్వడమే ఏళ్లు గడిచిపోయి ఉంటాయి, ప్రాన్‌కి సింగపూర్‌లో ఉద్యోగం, ఇద్దరూ విడిపోయారన్నట్టు చూపిస్తారు, నాకు గుండె జారిపోయింది. తర్వాత తెలుస్తుంది అదంతా ఇళ్లల్లోవాళ్ల కోసం ఆడుతున్న నాటకం అని, లోపల్లోపల కలిసే ఉన్నారని, పెద్దాళ్లకీ ఎంతో కొంత తెలిసినా తెలియనట్టు ఉంటున్నారని. అప్పుడు కేకలు పెట్టా సూపర్ ట్విస్ట్ అని. ఇప్పుడు ఆలోచిస్తే మాత్రం, శాపాన్ని విరగ్గొట్టారు కానీ టైమ్ జంప్ అనే పాత సామాను అలాగే వాడారు, మమ్మల్ని ఒక పావుగంట ఊరికే ఏడిపించారు కూడా. ఇంకోటి, ఏళ్ల తరబడి నాటకం ఆడాల్సి రావడం హ్యాపీ ఎండింగా కాదా అన్నది నాకింకా తేలలేదు. నాకు తెలిసిన ఒకరిద్దరు ఇప్పుడు హైదరాబాద్‌లో సరిగ్గా అలాగే బతుకుతున్నారు, రూమ్మేట్స్ అని చెప్పుకుంటూ, పండక్కి ఎవరి ఊరు వాళ్లు వెళ్తూ. 2023 అక్టోబర్‌లో మన సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకి పెళ్లి హక్కు ఇవ్వలేమంది, ఆ కేసు వేసినవాళ్లలో హైదరాబాద్ జంట కూడా ఉంది. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి ఆ పెళ్లిళ్లకి చట్టం అమల్లోకొచ్చేసింది, అంటే ప్యాట్, ప్రాన్ లాంటివాళ్లకి అక్కడ ఇప్పుడు ఆ నాటకం అక్కర్లేదు, కనీసం కాగితాల మీద.

సరే, అసలు కడుపుమంట ఇది. శాపం విరగ్గొట్టిన ఇదే ఆఫ్ గారు 2023 చివర్లో లాస్ట్ ట్వైలైట్ తీశారు. మోక్‌గా జిమ్మీ, డేగా సీ. చూపు పోతున్న డే, అతన్ని చూసుకోడానికి వచ్చిన మోక్. తన మీద ఎవరైనా జాలి పడితే డే ఒప్పుకోడు, మోక్ జాలి పడడు, అందుకే ఇద్దరికీ కుదిరింది, ఎంత బాగా రాశారో. ఈయన ఉన్నాడు కదా అని ధీమాగా ఉన్నా. 11లో విడగొట్టేశారు! 12లో ఏళ్లు గడిచిపోవడం, డేకి కార్నియా మార్పిడితో చూపు వచ్చేయడం. పదివారాలు చూపు లేకపోయినా బతుకు బతుకే అని చూపించి చివర్లో చూపు ఇచ్చేస్తే ఇంతసేపూ చెప్పిందేంటి మరి? పరాయివాడు చేస్తే వదిలేసేదాన్ని, ఈయన చేశాడనే బాధ.

చిన్న సిరీస్‌లకి ఈ జబ్బు తక్కువ. మూన్‌లైట్ చికెన్ 8 ఎపిసోడ్లే, 11 రావడానికి చోటే లేదు. అదీ ఆఫ్ గారిదే, పట్టాయాలో అర్ధరాత్రి దాకా తెరిచుండే కోడి అన్నం కొట్టు, అప్పులు, వినపడని హార్ట్ కోసం చేతులతో మాట్లాడటం నేర్చుకునే లీ మింగ్. పట్టాయా అనగానే కన్ను కొట్టే మన మగాళ్లకి ఇది చూపించాలి. ఐ టోల్డ్ సన్‌సెట్ ఎబౌట్ యు 5 ఎపిసోడ్లే, ఫుకెట్‌లో టే, ఓహ్ ఏవ్ అనే ఇద్దరు కుర్రాళ్లు, చైనీస్ ట్యూషన్, దానికి నేను వంక పెట్టను. దాని రెండో భాగంలో విడిపోతారు, చాలాసేపు విడిపోయే ఉంటారు, కానీ నాకు కోపం రాలేదు, ఎందుకంటే టే చేసిన తప్పు కళ్లముందు కనిపిస్తుంది, అలాంటప్పుడు ఎవరైనా విడిపోతారు. నాకు విడిపోవడంతో పేచీ లేదు, కారణం లేకుండా విడగొట్టడంతోనే.

మరి చూడొచ్చా అంటే, నేను చెప్పేది మీకు పనికొస్తుందో లేదో. లాక్‌డౌన్‌లో నాకు శుక్రవారం రాత్రి అంటే ఖాళీ, వారం వారం ఎదురుచూసేదాన్ని, 11 తర్వాత ఏడు రోజులు ఆ కోపంతో తిరిగేదాన్ని, అన్నం కూడా సరిగా దిగేది కాదు. ఇప్పుడు చంటిపాప, ఆఫీసు, పాప పడుకున్నాక ఒక ముక్క చూస్తే గొప్ప. సిరీస్ మొత్తం అయిపోయాకే మొదలుపెడతా, 11 కాగానే 12 నొక్కేస్తా, శాపం నా మీద ఒక రాత్రి కంటే ఎక్కువ పనిచేయట్లేదు. కాబట్టి నా కోపం ఈమధ్య తగ్గిందంటే వాళ్లు మారారనో నా టైంటేబుల్ మారిందనో తెలీదు. వారం వారం చూసే అలవాటున్నవాళ్లు, మనసు కాస్త మెత్తనివాళ్లు 10 దగ్గర ఆపి రెండు వారాలు ఆగండి. కొత్తవాళ్లు బ్యాడ్ బడ్డీతో మొదలుపెట్టొద్దు, తర్వాత ఏది చూసినా 11 దగ్గర దానితో పోల్చుకుని ఏడుస్తారు, మూన్‌లైట్ చికెన్ చూసి అప్పుడు రండి. ప్రస్తుతం ఒకటి నడుస్తోంది, పేరు చెప్పను, 9 దాకా వచ్చింది, ఒకడికి విదేశంలో ఉద్యోగం ఆఫర్ వచ్చిందని ప్రివ్యూలో వేశారు, నేను ఇక్కడే ఆపేశా.