ఓడ దిగి మస్కట్‌లో ఒక రోజు: పలుమార్లు చూశాక నా సమీక్ష

మస్కట్‌లో ఆగే క్రూజ్ బుక్ చేసేవాళ్లు ముందు కేలండర్ తీసి, ఓడ అక్కడికి వారంలో ఏ రోజు చేరుతుందో చూసుకోండి. శుక్రవారమైతే సుల్తాన్ ఖబూస్ పెద్ద మసీదులోకి ముస్లిమేతరులకు ప్రవేశం ఉండదు. రేవు పక్కనే మత్రా పేటలో ఉన్న పాత బజారు, మత్రా సూక్‌లో కూడా పొద్దున చాలా షాపులు మూసే ఉంటాయి. రెండూ పోయాక మస్కట్‌లో సముద్రం గాలే మిగులుతుంది. అదీ బాగానే ఉంటుందనుకోండి, కానీ దానికి అంత డబ్బు పెట్టక్కర్లేదు.

షార్జాలో ఉద్యోగం కాబట్టి, చలికాలం వస్తే ఊరి నుంచి వచ్చిన చుట్టాలతో కలిసి దుబాయ్‌లో ఓడ ఎక్కడం మాకు అలవాటైపోయింది. ఓడలు మారినా మస్కట్ మాత్రం దాదాపు ప్రతిసారీ దారిలో తగులుతుంది. అన్నిసార్లు చూశాక కూడా నాకు విసుగు రాని రేవు ఇదొక్కటే.

ఓడ ఆగేది మత్రాలో, సుల్తాన్ ఖబూస్ పోర్టులో. 2014లో సరుకు రవాణాను సొహార్‌కి మార్చేశాక ఇక్కడ కంటెయినర్ల గోల పోయింది. తెల్లవారుతూనే డెక్ మీదికి వెళ్లండి. తెల్లటి ఇళ్ల వెనకాలే చెట్టూ చేమా లేని గోధుమరంగు కొండలు లేచి ఉంటాయి, కొండల మీద బురుజులు. దుబాయ్ టవర్లు చూసి చూసి అలసిన కళ్లకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

పోర్టు లోపల నడవనివ్వరు. గేటు దాకా ఉచిత బస్సు ఉంటుంది, కాసేపు లైన్లో నిలబడాలంతే. అసలు టెన్షన్ గేటు బయట. టాక్సీ నడపడం ఒమానీలకే పరిమితం కాబట్టి డ్రైవర్లంతా పాదాల దాకా ఉండే తెల్లటి అంగీ, దిష్‌దాషా వేసుకున్న స్థానికులే. మర్యాదస్తులు, చాలామందికి హిందీ కూడా వచ్చు. బేరం దగ్గర మాత్రం గట్టివాళ్లు. చెప్పిన ధర మనిషికా, కారుకా, వెళ్లడానికేనా, తిరిగి రావడానికి కూడానా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. ఒక ఒమాన్ రియాల్ అంటే దాదాపు 2.60 డాలర్లు. అంకె చిన్నదిగా వినిపించి మోసం చేస్తుంది. యూఏఈ దిర్హాములు తీసుకుంటారు గానీ పదికి ఒక రియాల్ లెక్క కడతారు, అసలు రేటు తొమ్మిదిన్నర చిల్లరే.

పెద్ద మసీదు రేవుకు దూరం, ఊరికి ఆ చివర. ముస్లిమేతరులను శనివారం నుంచి గురువారం దాకా పొద్దున 8 నుంచి 11 వరకే రానిస్తారు. అందుకే ఓడ దిగగానే ముందు అక్కడికే వెళ్లాలి. ఓడవాళ్ల టూర్ ఒకసారి తీసుకున్నాం. బస్సు నిండేదాకా ఆపి, దారిలో ఫొటోలకని మరోచోట ఆపి, మసీదు గేటు దగ్గర దింపేసరికి పదిన్నర. అరగంటలో ఏం చూస్తాం? నలుగురుంటే టాక్సీయే చవక, టైమూ మన చేతిలో ఉంటుంది.

2001లో తెరిచిన ఈ మసీదుకు వాడిన ఇసుకరాయి మన దేశం నుంచి వెళ్లిందే. లోపలి తివాచీ 70 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు, 21 టన్నుల బరువు. ఇరాన్‌లో 600 మంది ఆడవాళ్లు నాలుగేళ్లు చేత్తో నేశారట. అంకెలు పక్కన పెట్టి పైన వేలాడే షాండ్లియర్ కింద ఒక్క నిమిషం నిలబడండి. అందరూ ఫొటోలతో సరిపెట్టుకునే చోటు అదే. ఆడవాళ్లకు తల, చేతులు, కాళ్లు పూర్తిగా కప్పే బట్టలు తప్పనిసరి. పొట్టి చేతుల జాకెట్టుతో చీర కుదరదు. పొడుగు చేతుల చుడీదార్, పెద్ద చున్నీ ఉంటే సరి. లేకపోతే అక్కడ ఒళ్లంతా కప్పే పొడుగు గౌను, అబాయా, అద్దెకు దొరుకుతుంది.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా సూక్ నిద్రపోతుంది. ఆ వేళకు పాత మస్కట్ వైపు వెళ్లడం మాకు నచ్చింది. అల్ ఆలం రాజభవనానికి అటూ ఇటూ జలాలీ, మీరానీ కోటలు, 1580లలో పోర్చుగీసువాళ్లు కట్టినవి. భవనాన్ని బయట నుంచే చూడాలి, పది నిమిషాలు చాలు. ఎండ ఎక్కువైతే ఎదురుగా ఉన్న నేషనల్ మ్యూజియంలోకి దూరండి, ఏసీ టికెట్టు అనుకున్నా గిట్టుబాటే. ఆ దగ్గర్లోనే మోతీశ్వర్ శివాలయం ఉంది, గుజరాతీ వర్తకుల కాలం నాటిది. మా అమ్మకు మస్కట్ అంటే ఆ గుడే. గుడి వేళలు డ్రైవర్‌ని అడిగి వెళ్లండి.

సాయంత్రం మత్రాకి వచ్చేయండి. నా దృష్టిలో మస్కట్ అంటే ఇదే. పోర్టు గేటు నుంచి సూక్ దాకా సముద్రం పక్కన నడక, పెద్దవాళ్లు కూడా మెల్లగా వెళ్లిపోవచ్చు. దారిలోనే చేపల మార్కెట్టు, పొద్దునే అయితే వంజరం కుప్పలు చూసి మా బాబాయికి కాళ్లు కదలవు. సూక్ మొదటి వరసలో ఉన్నవి టూరిస్టు షాపులు. అక్కడ కశ్మీర్ శాలువాలు కొనడానికి మస్కట్ దాకా రావాలా? లోపలి సందుల్లోకి వెళ్తే స్థానికులు కొనే గుడ్డలు, కుమ్మా టోపీలు, వెండి, బంగారం. షాపుల్లో ఎక్కువగా మలయాళీలు, బంగ్లాదేశీలు. 1970 దాకా ఇక్కడ నడిచింది మన రిజర్వ్ బ్యాంకు ముద్రించిన గల్ఫ్ రూపాయే, హిందీలో బేరం సాగడంలో వింతేముంది.

కొనాల్సింది లుబాన్. దక్షిణ ఒమాన్‌లోని ఢోఫార్ ప్రాంతపు చెట్ల బంక, నిప్పుల మీద వేస్తే మన సాంబ్రాణి కంటే తేలికైన, నిమ్మ వాసన తగిలే పొగ. పచ్చని ఛాయ ఉన్న హోజరీ రకం ఖరీదు ఎక్కువ, పూజ గదికి మామూలుది చాలు. చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టండి. ఖంజర్ కత్తి ముచ్చటపడి కొంటే ఓడ ఎక్కేటప్పుడు సెక్యూరిటీవాళ్లు తీసి ఉంచుకుంటారు, ప్రయాణం అయ్యాకే ఇస్తారు.

భారత పాస్‌పోర్టుతో దుబాయ్‌లో ఎక్కేవాళ్లు యూఏఈ వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా అని చూసుకోండి, ఓడ ఒమాన్ వెళ్లి తిరిగొస్తుంది కదా. ఇక లోతట్టున ఉన్న నిజ్వా ఊళ్లోని కోట, వాదీలు (కొండల మధ్య వాగులు) కూడా ఒకే రోజులో చూపిస్తామనే టూర్లు అమ్ముతారు. నేనైతే వద్దంటాను. నిజ్వాకి పోనూ రానూ మూడు నాలుగు గంటలు రోడ్డు మీదే పోతాయి, మత్రా సాయంత్రం చేజారుతుంది. అవి చూడాలంటే చలికాలంలోనే ఒక వారాంతం దుబాయ్ నుంచి కారులో విడిగా రండి, మేం అలాగే చూశాం.