అన్నమయ్య రికార్డుల్లో ఏది మేలు? ఎమ్మెస్సా, బాలకృష్ణప్రసాదా?

అన్నమయ్యను కొత్తగా వినాలనుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి అని మా తిరుపతిలో ఎవర్ని అడిగినా ముందు ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి పేరే చెప్తారు. ఊళ్లో ఆమె కంచు విగ్రహమే ఉంది, అంత గౌరవం మాకు. కానీ ఎవరూ పాడని, ఎవరూ వినని పాటల సంగతి వచ్చేసరికి నేను గాయకుడు, పాటలకు బాణీలు కట్టిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారి పక్షం. ఎమ్మెస్ గారిని ఇసుమంత కూడా తగ్గించకుండానే ఈ మాట అంటున్నాను.

అసలు ఈ పాటల పరిస్థితి వేరే. త్యాగరాజ కృతి అయితే శిష్యుల నోట మన దాకా వచ్చింది, బాణీ ఎలా ఉండాలో అందరికీ ఒక లెక్క ఉంది. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుడిలో ఒక అరలో పెట్టారు, అవి ఇరవయ్యో శతాబ్దంలో గానీ మళ్లీ వెలుగు చూడలేదు. 32 వేలు రాశాడని చెప్తారు, దొరికినవి 12 వేల పైచిలుకు. రేకు మీద సామంతమనో, పాడి అనో, దేసాక్షి అనో రాగం పేరుంటుంది, స్వరం ఉండదు. 1503లో కన్నుమూసిన మనిషి ఏ బాణీలో పాడాడో చెప్పే దారే లేదు. సంగీత విద్వాంసులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కూర్చుని నూటెనిమిది పాటలకు స్వరం రాశారు, తర్వాత కర్ణాటక సంగీత గాయకులు నేదునూరి కృష్ణమూర్తి గారు, బాలకృష్ణప్రసాద్ గారు ఇంకా కొందరు కట్టుకుంటూ వచ్చారు. కాబట్టి ఒక పాట మొదటిసారి రికార్డయిందంటే అదే దానికి పుస్తకం. రేపు పోటీలకు వెళ్లే పిల్లలు దాన్ని విని నేర్చుకుంటారు, అందులో ఒక చరణం వదిలేస్తే ఆ చరణం చాలామంది నోళ్లలో ఇక ఉండదు.

ఇప్పుడు ఎమ్మెస్. 1979-80 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో వచ్చిన బాలాజీ పంచరత్నమాల, ఐదు ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు). స్తోత్రాలతో పాటు అన్నమయ్య పాటలున్నాయి, 'నానాటి బతుకు', 'భావములోన', 'ఒకపరి కొకపరి', 'శ్రీమన్నారాయణ' వగైరా. వీటిలో చాలావాటికి బాణీ నేదునూరి గారిది. 'నానాటి బతుకు' రేవతి రాగంలో తప్ప ఇంకోలా ఉంటుందని ఇవాళ మనం ఊహించలేం, అంత గట్టిగా అతుక్కుపోయింది, అది కూడా ఆయన కట్టిందే. ఆమె శ్రుతి, ఆ నిదానం, తన మాతృభాష కాని తెలుగులో ఒక్కో అక్షరాన్ని ఒత్తు పోకుండా పలికిన తీరు, వీటికి ఎంత పొగడ్త వచ్చినా తక్కువే. అన్నమయ్య భజన మందిరం నుంచి కచేరీ వేదిక మీదికి హుందాగా నడిచి వచ్చాడంటే అందులో ఆ రికార్డుల వాటా చాలా పెద్దది.

ఇబ్బంది ఆ పొగడ్త తర్వాత జరిగిందాంట్లో ఉంది. అందరూ ఆ కొద్ది పాటలే పట్టుకున్నారు. కొత్త గాయని ఆల్బం తెస్తే మళ్లీ 'భావములోన', మళ్లీ 'ఒకపరి', సమీక్ష రాసేవాళ్లు కూడా గొంతు బాగుంది, వయొలిన్ బాగుంది అని రాసి ఊరుకుంటారు. ఎన్నో వేల పాటలు రేకుల మీదే పడి ఉన్నాయి, దాని మీద ఒక్క వాక్యం ఉండదు. ఇది నాకు నిజంగా బాధ.

బాలకృష్ణప్రసాద్ గారు నేదునూరి గారి శిష్యుడు, 1978 నుంచి దేవస్థానం వారి అన్నమాచార్య ప్రాజెక్టులో పనిచేశారు, ఆరువందలకు పైగా పాటలకు స్వరం కట్టారు, పోయినేడాదో మొన్నో వచ్చిన ఉత్సాహం కాదది, ఒక జీవితమంతా. 'వినరో భాగ్యము విష్ణుకథ' ఆయన బాణీయే, అది పాడుకునేవాళ్లలో సగం మందికి ఆ సంగతి తెలియదు, అనాది నుంచీ అలాగే ఉందనుకుంటారు. కట్టినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? మాట ఎక్కడ విరవాలో ఆయనకు బాగా తెలుసు. అన్నమయ్య మాట పల్లె మాట, 'జాజర' (వసంతాల ఆటపాట) అన్నచోట ఆ ఊపు రావాలి, సంగతులు (ఒకే పాదాన్ని రకరకాలుగా మార్చి పాడటం) ఎక్కువేస్తే భావం చెదిరిపోతుంది. ఆయన పాడితే పక్కన పుస్తకం లేకపోయినా పాట అర్థమవుతుంది.

లోటు లేదనను. క్యాసెట్ల కాలంలో వచ్చిన భక్తి రికార్డింగుల్లో మామూలుగా ఉండే వాద్యాల హడావిడి కొన్నిచోట్ల చెవికి అడ్డం పడుతుంది, తంబుర, వయొలిన్, మృదంగం చాలు కదా అనిపిస్తుంది. ఈ విషయంలో ఎమ్మెస్ రికార్డులే మేలు, నలభై ఏళ్లు దాటినా పాతబడలేదు. రాగం విస్తారంగా కావాలంటే నేదునూరి గారు స్వయంగా పాడినవి వినండి, ఆ సంగతి వేరే వ్యాసమే అవుతుంది.

కాబట్టి ఇంట్లో పొద్దున్నే పెట్టుకోవడానికి, సంగీతం తెలియని అత్తగారికీ మేనల్లుడికీ ఒకేసారి నచ్చడానికి ఎమ్మెస్. పాట నేర్చుకోవాలన్నా, అన్నమయ్య ఎంత పెద్దవాడో తెలియాలన్నా బాలకృష్ణప్రసాద్. ఆయన 2025 మార్చిలో ఇదే తిరుపతిలో పోయారు, ఆ వారమంతా అందరూ మంచి మాటలే అన్నారు, కానీ ఆ ఆరువందల్లో తెలిసిన నాలుగైదు పాటల పేర్లే చెప్పారు.

ఇకముందు ఎవరైనా అన్నమయ్య ఆల్బం మీద రాస్తే మూడు సంగతులు తప్పకుండా రాయమని నా కోరిక: రేకు మీద ఏ రాగం ఉంది, బాణీ ఎవరిది, చరణాలు అన్నీ పాడారా లేదా. మొదటిసారి రికార్డయిన పాట అయితే ఆ మాట మొదటి వాక్యంలోనే రాయండి, గొంతు గురించి తర్వాత. అన్నమయ్య కొడుకు పెదతిరుమలయ్య, మనవడు చినతిరుమలయ్య పాటలు కూడా అవే రేకుల మీద ఉన్నాయి, వాటి వైపు ఎవరైనా వెళ్తే బాణీ అంతంతమాత్రంగా ఉన్నా సరే ముందు నేను కొంటాను.