తిరుపతిలో క్లినిక్‌లోనే మందులు తీసుకుంటున్నారా? పేరు, బిల్లు లేకుండా బయటికి రావద్దు

డాక్టరే చూసి, డాక్టరే మందులిచ్చే క్లినిక్‌లు మన తిరుపతిలో చాలానే ఉన్నాయి. అలాంటి చోట కాగితం కవర్లలో పోసిచ్చే విడి మాత్రలు తెచ్చుకునేవాళ్లు జాగ్రత్త. క్లినిక్ పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఫీజు కాక మందులకే 1,850 రూపాయలు తీసుకున్నారు. బిల్లు లేదు, చీటీ లేదు. కౌంటర్ దగ్గర కుర్రాడు స్ట్రిప్పుల్లోంచి మాత్రలు నొక్కి తీసి, చిన్న కవర్లలో వేసి, పైన పెన్నుతో ఉ, మ, రా అని రాశాడు. ఒక రకం మాత్రలు మాత్రం కత్తెరతో కత్తిరించి ఇచ్చాడు. పేరున్న ముక్క వాళ్ల డ్రాయర్‌లోకి, ఏమీ లేని వెండి రంగు ముక్క మన చేతికి! ఇవేం మాత్రలు అనడిగితే, "ఏం కాదులే అన్నా, తగ్గిపోతుంది" అన్నాడు.

తగ్గింది కూడా. మెట్లెక్కలేని మనిషి తిరగడం మొదలుపెట్టింది. అందుకే మళ్లీ మళ్లీ అవే తెచ్చాం. కొన్ని వారాలకు ముఖం ఉబ్బింది, అదుపులో ఉండే షుగర్ 300 దాటింది. రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఏం మందులు వాడుతున్నారు?" కవర్లు చూపించాం. లక్షణాలు చూస్తే స్టెరాయిడ్ అనిపిస్తోందని, అదే అయితే ఇన్ని వారాలు వాడాక ఒక్కసారిగా ఆపడం ప్రమాదమని, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలని చెప్పింది. పేరు, డోసు తెలియకుండా ఎంత తగ్గించాలో ఎలా చెప్పేది? క్లినిక్‌కి ఫోన్ చేస్తే "డాక్టరు గారు ఊళ్లో లేరు" అన్నారు. పేర్లు కనుక్కునేదాకా మాకు పట్టిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇంకొకటి. మాత్రలతో పాటు పూతమందు ట్యూబు ఒకటి ఇచ్చారు, 160 రూపాయలని స్టిక్కర్ ఉంది. గోరుతో గీకితే కింద కంపెనీ వేసిన ఎమ్మార్పీ 85! 2013 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లేబుల్ మీదున్న ధర కంటే ఎక్కువకు ఎవరూ అమ్మకూడదు. డాక్టరైనా సరే.

డాక్టర్లు మందులు ఇవ్వడమే తప్పని కాదు. పలమనేరు, కుప్పం వైపు పల్లెల్లో రాత్రిపూట జ్వరమొస్తే డాక్టరు దగ్గరున్న నాలుగు మాత్రలే దిక్కు. చట్టం కూడా ఒప్పుకుంటుంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ కె ప్రకారం, రిజిస్టర్డ్ డాక్టరు తన సొంత పేషెంటుకు మందులివ్వడానికి మెడికల్ షాపు లైసెన్సు అక్కర్లేదు. చెన్నైలో ఒక చర్మవైద్యురాలి దగ్గర కొద్దిపాటి మందులు దొరికాయని పెట్టిన కేసును సుప్రీంకోర్టు 2023లో కొట్టేసింది కూడా. కానీ షాపులాగా తెరిచి ఎవరికి పడితే వాళ్లకు అమ్మకూడదు. డాక్టరు ఆ మందుల్ని లైసెన్సున్న డీలరు లేదా తయారీదారు దగ్గరే కొనాలి, బ్యాచ్ నంబర్లతో సహా లెక్క ఉంచాలి. స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్స్ లాంటి షెడ్యూల్ హెచ్ మందులైతే (అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి) డాక్టరు పేరు, అడ్రసు, డోసు లేబుల్ మీద ఉండాలి. రిజిస్టర్‌లో మందు పేరు, పేషెంటు పేరు, తేదీ ఎక్కించి, ఆ ఎంట్రీ నంబరు కూడా లేబుల్ మీద వేయాలి. మా కవర్ల మీద ఉన్నది ఉ, మ, రా మాత్రమే. ఊళ్లలో ఆర్‌ఎంపీలుగా చెలామణి అయ్యేవాళ్లకు ఈ మినహాయింపు అసలే వర్తించదు, మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన వాళ్లకే.

కాబట్టి క్లినిక్‌లో మందులిస్తే మొహమాటపడకుండా చీటీ రాయించుకోండి, మందుల పేర్లు అర్థమయ్యే అక్షరాల్లో. మందులు ఇక్కడే కొనాలని బలవంతం చేస్తే చీటీ తీసుకుని బయట ఏ షాపులోనైనా కొనుక్కోవచ్చు. స్ట్రిప్ కత్తిరించాల్సి వస్తే పేరు, ఎక్స్‌పైరీ ఉన్న వైపు కనీసం ఫొటో తీసుకోండి. బిల్లు ఇవ్వమంటే విసుక్కునే చోట పెద్దవాళ్లకు వైద్యం చేయించకపోవడమే మేలని నా అభిప్రాయం, హస్తవాసి ఎంత మంచిదైనా.

ఇప్పటికే ఇలా జరిగినవాళ్లు జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఎక్కువ ధర, బిల్లు విషయమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది, ఆ మాట రాసి అడగండి. మాకు మందుల పేర్లు చివరికి అలాగే వచ్చాయి. వాటిలో ఒకటి స్టెరాయిడే. కవర్లు, ఖాళీ ముక్కలు, స్టిక్కర్ వేసిన ట్యూబు, ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్, ఏదీ పారేయకండి. బిల్లు లేనప్పుడు మన చేతిలో ఉండే రుజువులు అవే.