డూలిన్‌లో కమాను కదిలింది

ముందు డబ్లిన్‌లో జరిగింది చెప్పేస్తాను. అది చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

నాన్నగారు విజయనగరంలో నలభై ఏళ్లు పిల్లలకు వయొలిన్ చెప్పారు. ఐర్లండ్ ప్రయాణం పెట్టుకున్నదే ఆయన కోసం. అక్కడి జానపద సంగీతంలోనూ వయొలినే ప్రధానమని, వాళ్లు దాన్ని ఫిడిల్ అంటారని తెలిసిన దగ్గర్నుంచి ఆయనకు వినాలని కోరిక. అందుకే మొదటి రోజు రాత్రే, భోజనంతో పాటు సంప్రదాయ సంగీతం అని రాసి ఉన్న ఒకచోట టికెట్లు తీశాను. మనిషికి 58 యూరోలు. నాకు, మా ఆయనకు, నాన్నగారికి కలిపి 174. మన లెక్కలో పదిహేడు వేల పైమాటే.

శాకాహారం అంటే ఉడికించిన బంగాళాదుంపలు, క్యారెట్ ముక్కలు తెచ్చారు. సరే, తిన్నాం. సంగీతం మొదలైన పది నిమిషాలకు నాన్నగారు నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, ఆ అబ్బాయి కమాను ఆగింది చూడు. వయొలిన్ మాత్రం వినిపిస్తూనే ఉంది" అన్నారు. నిజమే. సగం పైగా రికార్డు చేసిన సంగీతం, దాని మీద వీళ్ల అభినయం. మేనేజర్‌ని అడిగితే, మొత్తం లైవ్ అని టికెట్ మీద ఎక్కడుందో చూపించమన్నాడు. డబ్బు తిరిగి ఇవ్వలేదు. నాన్నగారు గదికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఆయన ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మెరియన్ స్క్వేర్‌లోని ఐరిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ ఆర్కైవ్‌కి తీసుకెళ్లాను. 1987లో పెట్టిన సంస్థ, ప్రవేశం ఉచితం. పాత రికార్డింగులు వింటూ ఆయన మళ్లీ మామూలు మనిషి అయ్యారు. డబ్లిన్‌లో దిగగానే ఇక్కడికే వెళ్లండి. రాత్రి వినాలనుంటే స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్ అనే పబ్ ఉంది. దాని పైనా చుట్టూ హోటల్ కడతామన్నప్పుడు, 2021లో, జనం వాద్యాలు పట్టుకుని వీధిలోకి వచ్చారు. నగర కౌన్సిల్ ఆ ప్లాన్‌కి అనుమతి ఇవ్వలేదు. మేము మాత్రం ఆ రాత్రి వెళ్లలేకపోయాం. పబ్ అనేసరికి నాన్నగారు రానన్నారు.

తర్వాత పడమటి తీరంలోని గాల్వే నగరానికి వెళ్లాం, బాగుంది. అక్కడి నుంచి 350 నంబర్ బస్సులో సుమారు రెండు గంటలకు క్లేర్ కౌంటీలోని డూలిన్ చేరాం. సముద్రం ఒడ్డున నిటారుగా నిలబడ్డ కొండచరియలు, క్లిఫ్స్ ఆఫ్ మోహర్, చూశాం, విపరీతమైన గాలి.

డూలిన్ చాలా చిన్న ఊరు. టిన్ విజిల్ అనే చిన్న రేకు పిల్లనగ్రోవి వాయించడంలో పేరున్న మైకో రసెల్ ఇక్కడివారే, 1994లో పోయారు. మేం దిగిన ఇంట్లో గది 95 యూరోలు, టిఫిన్ అందులోనే. గుడ్డు తినరని చెప్పగానే ఇంటావిడ నాన్నగారికి వేడి వేడి ఓట్స్ జావ, తేనె తెచ్చి పెట్టింది. పబ్ సంగతి కూడా ఆవిడే చెప్పి ఒప్పించింది: "తాగాలని ఎవరూ అనరు, టీ అడగండి."

1832 నాటి ఓకానర్స్ పబ్‌లో ఎనిమిదిన్నరకే కూర్చున్నాం. కూరగాయల సూప్, బ్రౌన్ బ్రెడ్ 8.50 యూరోలు. సూప్‌లో మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారేమో ముందే అడగండి, అది ముఖ్యం. తొమ్మిదిన్నరకు ఒక్కొక్కరే వచ్చి మూలనున్న బల్ల చుట్టూ కూర్చున్నారు. స్టేజీ లేదు, మైకు లేదు. ఒకావిడ ఫిడిల్ ఎత్తుకుంది, తెలిసినవాళ్లు కలిశారు. అందరిదీ ఒకే బాణీ. ఎవరి తట్టు వాళ్లది, ఎవరి విరుపు వాళ్లది. రెండు మూడు సార్లు తిప్పి, ఆపకుండానే ఇంకో బాణీలోకి వెళ్లిపోతారు.

నాన్నగారి వేళ్లు మోకాలి మీద లెక్క వేస్తున్నాయి. జిగ్, రీల్ అనేవి అక్కడి నాట్యపు బాణీల రకాలు. "జిగ్ అంటే తకిట తకిట. రీల్ అంటే తకధిమి. అంతేనమ్మా" అన్నారు. స్వరాన్ని మనలా ఊపడం లేదని, పై స్వరంతో చిన్నగా తట్టి వదిలేస్తున్నారని కూడా గమనించారు.

ఇలియన్ పైప్స్ అనే ఐరిష్ తిత్తి వాద్యం వాయించే ఆయన మా పక్కనే. నోటితో ఊదడు. కుడి మోచేతికి కట్టుకున్న చిన్న తిత్తిని, కమ్మరి కొలిమి తిత్తిలా, ఒత్తుతూ ఎడమ చంకలోని సంచిలోకి గాలి పంపుతాడు. ఇలియన్ అంటే మోచేయి అనే. వేళ్లతో వాయించే గొట్టం చివర మూయడానికి తొడ మీద తోలుముక్క కట్టుకున్నాడు. నొక్కి నొక్కి అది నల్లగా నున్నబడింది. ఈ వాద్యాన్ని యునెస్కో 2017లో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

విరామంలో మా ఆయన ఊరుకోక, మామగారు కూడా వాయిస్తారని ఆవిడతో అనేశారు. ఆవిడ వెంటనే ఫిడిల్ అందించింది. నాన్నగారు బూట్లు విప్పి, బెంచీ మీదే మఠం వేసుకుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించారు. శ్రుతి మార్చలేదు. మధ్య రెండు తీగలూ స, ప దూరంలోనే ఉన్నాయి, అవి చాలన్నారు. దీక్షితర్ నొట్టు స్వరం ఒకటి ఎత్తుకున్నారు. ఈస్టిండియా కంపెనీ వాళ్ల బ్యాండ్ల పాశ్చాత్య బాణీలకు కట్టినవి కదా అవి. రెండోసారి తిప్పేసరికి పైప్స్ ఆయన అందుకున్నాడు. మూడోసారికి బల్లంతా వాయించింది.

చూడబోయేవాళ్లకు ఒక్క మాట. ఆ మూల బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకండి, అది వాద్యకారులది. అడక్కుండా వీడియో తీయకండి.

ఆ రాత్రి మూడు సూప్‌లు, మూడు టీలు కలిపి బిల్లు 36 యూరోలు. సంగీతానికి పైసా తీసుకోలేదు. ఇంటికి నడుస్తుంటే వాన పడుతోంది, నాన్నగారు గొడుగు తెరవనే లేదు. జూలైలో దగ్గరలోని మిల్‌టౌన్ మాల్‌బేలో విలీ క్లాన్సీ అనే పైప్స్ విద్వాంసుడి పేరు మీద వారం రోజులు సంగీతం నేర్పుతారని ఆ ఫిడిల్ ఆవిడ చెప్పిందట, 1973 నుంచీ ఉందట. గదులు నెలల ముందే నిండిపోతాయట. "ఇప్పుడే అడుగు" అన్నారు, ఆ వానలోనే.