ప్లాట్ కొనేవాళ్లు జాగ్రత్త: నాకిచ్చిన సాయిల్ రిపోర్ట్ పక్క ప్లాట్‌ది!

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు.

ఎవరి దగ్గర కొన్నానో చెప్పక్కర్లేదు. "సాయిల్ టెస్ట్ చేయించిన ప్లాట్లు" అని ఊదరగొడుతున్నాడే, ఆయనే. మీలో సగం మందికి ఫోన్ వచ్చే ఉంటుంది. రిజిస్ట్రేషన్ అయి రెండు నెలలైంది, ఆ కథంతా వదిలేయండి.

ఇవాళ పొద్దున ఫూటింగ్‌లకు, అంటే పునాది గుంతలకు, జేసీబీ పెట్టాం. పైన అడుగున్నర ఎర్ర మొరం, చూడ్డానికి ముచ్చటగా ఉంది. దాని కింద నుంచి బకెట్‌లో పగిలిన టైల్స్, ప్లాస్టిక్ సంచులు, కాంక్రీటు పెళ్లలు, ఒక పాత చెప్పు. గట్టి నేల వస్తుందేమోనని ఇంకా దింపించాను. ఎనిమిది అడుగులు దిగినా అదే చెత్త. పదకొండో అడుగులో నల్లటి బంకమట్టి తగిలి నీళ్లు ఊరడం మొదలైంది. మేస్త్రి గట్టు మీద నుంచే పొడవాటి కడ్డీ గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగింది. "సార్, ఇది పూడ్చిన గుంత" అన్నాడు.

నా దగ్గర రిపోర్ట్ ఉంది కదా! అందులో అయిదు అడుగుల్లోనే గట్టి మొరం, ఎస్‌పీటీలో (నేలలోకి గొట్టం దించి గట్టిదనం చూసే పరీక్ష) ఎన్ విలువ 32. అంటే 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతుంటే, గొట్టం చివరి 30 సెంటీమీటర్లు దిగడానికి 32 దెబ్బలు పట్టాయని. మా మేస్త్రి కడ్డీకి ఒక్క దెబ్బ కూడా అక్కర్లేకపోయింది.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఏమాత్రం తడుముకోలేదు మనిషి. "రిపోర్ట్ నిజమైనదే సార్. చివరి పేజీలో మట్టి పరీక్షకు బోరు వేసిన చోటు గుర్తు పెట్టి ఉంటుంది, చూడండి" అన్నాడు. చూశాను. ఆ చుక్క నా హద్దురాయికి అవతల, పక్క ప్లాట్‌లో ఉంది.

"మరి నాకెందుకిచ్చారు?"

"మీరు సాయిల్ రిపోర్ట్ అడిగారు, ఇచ్చాం. మీ ప్లాట్‌దే కావాలని అడగలేదుగా."

పైగా నవ్వు! "నేను స్థలం అమ్మాను సార్. లోపల ఏముందో నేను మాత్రం దిగి చూశానా?"

దిగి చూడకపోతే పైన అడుగున్నర మొరం ఎవరు పరిచారయ్యా, వానా? ఈ మాట ఫోన్ పెట్టేశాక తట్టింది. నాకెప్పుడూ అంతే.

తప్పు నాది కూడా. దస్తావేజులు ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లి చూపించుకున్నాను, కాళ్ల కింద పది అడుగులు చూడలేదు. ఆ 32 కనపడగానే ఏదో పరీక్షలో పాసైనట్టు ఫైలు మూసేశాను. వెనక ఇంటి ప్రహరీ మెట్లు మెట్లుగా పగిలి ఉంటే, పాపం మేస్త్రి సరైనవాడు దొరకలేదేమో అని జాలి కూడా పడ్డాను!

మధ్యాహ్నం ఇంజనీరు వచ్చారు. చెత్తతో పూడ్చిన నేల అంతా ఒకేలా కుంగదట, ఒక మూల ఎక్కువ దిగితే గోడలు చీలతాయి. కింద ఉన్నది రేగడి లాంటిదైతే తడికి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. బరువు తక్కువ ఇళ్లనే అది సులువుగా పైకెత్తేస్తుందట. ముందు నా ప్లాట్‌లో బోర్లు వేయించాలి. ఆ తర్వాత గట్టి పొర దాకా పైల్స్ (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) వేయడమో, చెత్తంతా తీసి మంచి మట్టిని పొరలు పొరలుగా పోసి రోలర్‌తో దట్టించడమో. అంటే ఇల్లు కట్టేముందు నేను స్థలం కట్టుకోవాలన్నమాట.

సరే, కొనేవాళ్లకు రెండు ముక్కలు. అడ్వాన్స్ ఇవ్వకముందే మీ హద్దుల్లో, ఎదురెదురు మూలల్లో, మీ మనిషితో బోరు వేయించండి. కనీసం జేసీబీతో ఒక గొయ్యి తీయించండి, దానికి ఒప్పుకోకపోతే వచ్చేయండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఫొటోలు దొరికితే చూడండి. నేను ఇవాళ చూశాను. నా ప్లాట్ ఉన్నచోట నీళ్లు మెరుస్తున్నాయి.

ఇది రాస్తుండగానే ఆయన మెసేజ్ వచ్చింది. పక్క ప్లాట్ కూడా అమ్మకానికి ఉందట. "గట్టి నేల సార్, రిపోర్ట్ మీ దగ్గరే ఉంది కదా."