హవాయికి బదిలీ: సొంత తుపాకులు వెంట తీసుకెళ్లాలా, సామానుతో పంపాలా, టెక్సాస్‌లోనే ఉంచాలా?

అమెరికా సైన్యంలో ఉన్న మనవాళ్లలో టెక్సాస్ నుంచి హవాయిలోని ఒవాహు దీవిలో ఉన్న స్కోఫీల్డ్ బ్యారక్స్ సైనిక స్థావరానికి బదిలీ అయినవారెవరైనా నన్ను అడిగేది ఒకటే: "అన్నా, తుపాకులు ఏం చేయమంటావు?"

చట్టం తెలిసిందే. మీరు గానీ తుపాకి గానీ, ఏది ఆలస్యంగా హవాయి చేరితే ఆ రోజు నుంచి 5 రోజుల్లో హోనొలులు పోలీసుల దగ్గర నమోదు చేయించాలి. పురాతనమైనదైనా, అసలు పేలనిదైనా సరే, మినహాయింపు లేదు. సైనికుడన్న గౌరవం సొంత తుపాకి దగ్గర పనిచేయదు. పోస్టులో, అంటే సైనిక స్థావరంలో, నమోదు వేరే, అదీ తప్పదు.

చాలామంది విమానంలో వెంట తీసుకెళ్లమంటారు. కారణం బలమైనదే. తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో చెప్పి లగేజీలో వేస్తే, దిగిన చోట మీ చేతికే వస్తుంది. నడుమ ఎవరి లారీలూ గోదాములూ ఉండవు. తూటాలు మాత్రం చాలా విమాన సంస్థలు 5 కిలోలకు మించి ఒప్పుకోవు.

అయితే నేను మొదట చూసేది ప్రయాణం కాదు, ఆ రాత్రి తుపాకి ఎక్కడ ఉంటుందన్నది. శుక్రవారం సాయంత్రం దిగారనుకోండి. క్వార్టర్స్ ఇంకా రాలేదు, హోటల్లో దిగాలి. పిల్లలు నిద్రకు ఏడుస్తుంటారు, మంచం పక్కన మూడు రైఫిళ్ల పెట్టె. ఆ హోటలు తుపాకులను రానిస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. బ్యారక్‌లో గది ఇచ్చినా అందులో పెట్టుకోనివ్వరు, యూనిట్ ఆయుధాల గదిలో అప్పగించాల్సిందే. అది తెరిచేది సోమవారమైతే? కారులో వదిలేయడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. ఇంతలో 5 రోజుల గడువూ నడుస్తూనే ఉంటుంది.

అందుకే ఒకటి కంటే ఎక్కువ తుపాకులుంటే నా ఓటు ఇంటి సామానుకే. ఓడలో వారాలు పడుతుంది, నిజమే. ఆ ఆలస్యమే ఇక్కడ లాభం. తుపాకి మీకంటే వెనక వస్తుంది గనుక గడువు దాని రాకతోనే మొదలవుతుంది, అప్పటికి ఇల్లు, చిరునామా, పోస్టు అనుమతి చేతిలో ఉంటాయి. సామాను దీవి చేరే తేదీని రవాణావాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఇంటికి తెచ్చిన రోజే లెక్క అని మీకు మీరే తేల్చుకోకండి. సర్దేరోజు పక్కనే నిలబడి, తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు జాబితాలో రాయించండి. "స్పోర్ట్స్ సామాను" అని రాసి చేతులు దులుపుకుంటే సంతకం పెట్టకండి. తూటాలు సామానులో అసలు వేయకూడదు. పిస్తోలుకు పట్టే, 10 తూటాలు మించిన మ్యాగజీన్లు (తూటాలు నింపే అరలు) హవాయిలో నిషేధం, వాటిని ఎలాగూ తీసుకురావద్దు.

ఇక టెక్సాస్‌లోనే ఉంచడం. అక్కడ నమోదు గొడవ లేదు గనుక తేలికే అనిపిస్తుంది. మనవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. అర్వింగ్‌లో ఉన్న తమ్ముడి బీరువాలో పెట్టి వెళ్దామంటారు. తమ్ముడు హెచ్1బీ మీద ఉన్నాడా? వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తాత్కాలిక వీసాపై ఉన్నవారి దగ్గర తుపాకి ఉండటం ఫెడరల్ నేరం. ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలదీ అదే సంగతి. మీరు ప్రేమతో అప్పగించిన పెట్టె వాళ్ల వీసాకు ఎసరు పెడుతుంది. గ్రీన్‌కార్డున్న బావగారైతే ఆ అడ్డంకి ఉండదు, కానీ ఆయన కూడా టెక్సాస్ నివాసే అయి ఉండాలి. అలాంటివారు లేకపోతే లైసెన్సున్న తుపాకుల దుకాణంలో అద్దె కట్టి భద్రపరచండి. వీధిలో ఎందరు చుట్టాలున్నా నేను దుకాణమే అంటాను.

సైలెన్సర్లు హవాయిలో నిషేధం, కాబట్టి వాటికి వేరే దారి లేదు. టెక్సాస్‌లో వదిలినా మీరు తప్ప ఇంకెవరూ తెరవలేని సేఫ్‌లోనే ఉండాలి, తాళంచెవి బావగారికి ఇవ్వకూడదు.

అమ్మేయడమా? ఏళ్లుగా పెట్టెలోంచి తీయనివాటికి అదే మంచిది.